36 ఏళ్ళకి, ఆర్ట్ కాలేజీ మొహం చూడకుండా పెయింటింగ్ మొదలుపెట్టొచ్చా?

ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఉద్యోగం ఉంది, 36 వచ్చాయి, ఇప్పుడు కుంచె పడితే నవ్వులపాలవుతానేమో అని అడిగారు. నేను 37కి పట్టాను. నవ్వారు, నిజమే. రెండు నెలలకి మర్చిపోయారు.

నేనుండేది టొరంటోలో. ఇక్కడి ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ ఒంటారియోలో కెనడా చిత్రకారుడు టామ్ థామ్సన్ వేసిన 'ద వెస్ట్ విండ్' ఉంటుంది. ఈదురుగాలికి ఒరిగిన పైన్ చెట్టు, వెనక సరస్సు. అందరూ దాని ముందే నిలబడతారు. నన్ను కదలనివ్వనివి మాత్రం ఆయన చిన్న చెక్క పలకల మీద వేసిన బొమ్మలు. ఒక్కోటీ ఎ4 కాగితమంత. గీతకీ గీతకీ మధ్య రంగు అంటని చెక్క అలాగే కనిపిస్తుంది. సరస్సు ఒడ్డున రంగుల పెట్టె ముందేసుకుని గబగబా వేసేసినవి.

థామ్సన్ 1877లో ఒంటారియోలో పుట్టాడు. రైతు కుటుంబం. బిజినెస్ కాలేజీ చదివి, సియాటెల్‌లో కొన్నాళ్ళు పనిచేసి, టొరంటోలో గ్రిప్ అనే డిజైన్ కంపెనీలో చేరాడు. రోజూ ప్రకటనలు, అక్షరాలు గీసే పని. తనకి పేరు తెచ్చిన అల్గాంక్విన్ అడవికి మొదటిసారి వెళ్ళింది 1912లో, 34 ఏళ్ళ వయసులో. 1915కల్లా కెనడా నేషనల్ గ్యాలరీ ఆయన బొమ్మ కొనుక్కుంది. 1917 జులైలో అదే అడవిలో కానూ లేక్ అనే సరస్సులో పోయాడు, నలభై నిండకుండానే. ఎలా పోయాడన్నదాని మీద ఇక్కడివాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు, అది ఇప్పుడు వద్దు. ఆ ఐదేళ్ళలోనే దాదాపు 400 చిన్న స్కెచ్‌లు వేశాడు. పెద్ద కాన్వాసులు 50 దాకా ఉంటాయంతే.

ఆయన్ని 'సొంతంగా నేర్చుకున్నవాడు' అంటారు గానీ, ఆ మాట సగమే నిజం. గ్రిప్‌లో పక్క బల్లల దగ్గర మెక్‌డొనాల్డ్, లిస్మర్, వార్లీ ఉండేవాళ్ళు. ఆయన పోయాక, 1920లో 'గ్రూప్ ఆఫ్ సెవెన్' అనే చిత్రకారుల బృందం పెట్టినవాళ్ళలో ఈ ముగ్గురూ ఉన్నారు. సెలవు రోజుల్లో కలిసి బొమ్మలేయడానికి వెళ్ళేవాళ్ళు. తర్వాత ఎ.వై. జాక్సన్ అనే మరో చిత్రకారుడితో ఒకే స్టూడియోలో ఉన్నాడు. ఇంతకన్నా మంచి కాలేజీ ఎక్కడ దొరుకుతుంది? పైగా మెక్‌కాలమ్ అనే కంటి డాక్టరు, ఉద్యోగం మానేసి బొమ్మలేసుకో, ఏడాది ఖర్చు నేను చూసుకుంటానన్నాడు. నాకలాంటి డాక్టరు దొరకలేదు. ఇంటి లోను మాత్రం దొరికింది. అందుకే ఉద్యోగం మానమని మీకు చెప్పను.

నేను చేసిన తప్పు: మొదట్లోనే మూడడుగుల కాన్వాసు కొన్నాను. నాలుగు నెలలు కుస్తీ పట్టి గోడవైపు తిప్పి పెట్టేశాను. ఆ చెక్కలు చూసొచ్చాక, అరచేతికి రెండింతలుండే బోర్డులు కొనుక్కుని వారానికి రెండు వేయడం మొదలుపెట్టాను. బాగున్నా బాగాలేకపోయినా గంటలో ఆపేయాలి. ఓసారి జూన్‌లో అల్గాంక్విన్ వెళ్ళి వేస్తుంటే నల్ల ఈగలు మెడంతా కుట్టేశాయి. ఒకటి తడి రంగులో ఇరుక్కుంది. ఇప్పటికీ ఆ బొమ్మలో ఆకాశంలోనే ఉంది, తీయలేదు.

మొహమాటం లేకుండా తప్పు చెప్పే మనిషిని మాత్రం ఒకరిని వెతుక్కోండి. నాకు మా ఆఫీసులో ఒకావిడ దొరికింది, నీ నీడలన్నీ నల్లగా చచ్చినట్టుంటాయి అంటుంది. ఇంతకీ మీరు మొదలుపెట్టేది ఆయిలా, అక్రిలిక్కా? అది చెబితే ఏ రంగులు కొనాలో రాస్తాను.