కేఓహెచ్‌లో ఉంది, కల్చర్‌లో లేదు. ఏది నమ్మాలి?

ప్రశ్న: గజ్జల్లో తామరకు పొట్టు గోకి పరీక్ష చేశారు. కేఓహెచ్‌లో (పొట్టును పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష) ఫంగస్ ఉందన్నారు. నాలుగు వారాలయ్యాక కల్చర్‌లో (నమూనాలోని ఫంగస్‌ను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఏమీ పెరగలేదని రిపోర్టు ఇచ్చారు. మధ్యలో క్రీమ్ రాస్తూనే ఉన్నాను. ఒకటి తప్పేనా?

జవాబు: తప్పక్కర్లేదు. మైక్రోస్కోపు కింద బతికున్న ఫంగస్, చచ్చిన ఫంగస్ ఒకేలా కనిపిస్తాయి. కల్చర్‌లో పెరిగేది బతికున్నదే. పొట్టు తీసేముందే యాంటీఫంగల్ క్రీమ్ వాడి ఉంటే కల్చర్ ఖాళీగా రావడం మామూలే. తీశాక రాసిన క్రీమ్ ఆ నమూనాను ఏమీ చేయదు. పొట్టు మరీ తక్కువైనా, మచ్చ మధ్యలోంచి గోకినా ఇదే ఫలితం. ఫంగస్ చురుగ్గా ఉండేది ఎర్రగా పాకుతున్న అంచులో. కాబట్టి కల్చర్ నెగెటివ్ అన్నంత మాత్రాన కేఓహెచ్ పాజిటివ్‌ను కొట్టిపారేయకూడదు. మళ్లీ చేయించాల్సి వస్తే, డాక్టరు ఒప్పుకుంటే, పూత మందు రెండు వారాలు, మింగే మందు నాలుగు వారాలు ఆపి వెళ్లడం మంచిది.

ప్రశ్న: ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నాను. నా కేఓహెచ్ స్లైడ్ల నిండా స్ఫటికాలే. ఎక్కడ పొరపాటు?

జవాబు: వేడి ఎక్కువైంది. ద్రావణం మరిగితే నీరు ఆవిరై కేఓహెచ్ స్ఫటికాలుగా మారుతుంది. ముందు చర్మాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. క్రీముల జిడ్డు పోకపోతే నూనె బొట్లు ఈస్టుల్లా భ్రమపెడతాయి. మొద్దు బ్లేడుతో అంచును గోకి పొట్టును నల్ల కాగితంలో పట్టండి. తెల్ల కాగితం మీద ఎంత వచ్చిందో తెలియదు. చర్మపు పొట్టుకు 10 శాతం కేఓహెచ్ ఒక చుక్క, పైన కవర్‌స్లిప్. మంటకు దూరంగా కాస్త వెచ్చబెడితే చాలు, లేదా వేడి చేయకుండానే 10, 20 నిమిషాలు ఆగండి. గోరుకు 20 శాతం వేసి, తడి ఆరకుండా మూసి కొన్ని గంటలు, ఒక్కోసారి రాత్రంతా ఉంచాలి.

మైక్రోస్కోపు కండెన్సర్ (వెలుతురును స్లైడ్ మీదికి చేర్చే కటకం) కిందికి దించి, వెలుతురు తగ్గించి 10ఎక్స్‌లో వెతకండి, 40ఎక్స్‌లో నిర్ధారించుకోండి. అసలు హైఫా (ఫంగస్ పోగు) ఒకే మందంతో, అడ్డగోడలతో, కొమ్మలేస్తూ చర్మ కణాల హద్దులు దాటి పోతుంది. కణాల అంచుల వెంటే వలలా తిరిగేదైతే అది ‘మొజాయిక్’ భ్రమ. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. నూలుపోగులు మందంగా ఉంటాయి, అడ్డగోడలుండవు.

ప్రశ్న: వుడ్స్ ల్యాంప్ (అతినీలలోహిత కాంతి దీపం) కింద మచ్చ వెలగలేదు. తామర కానట్టేనా?

జవాబు: కాదు. ఒంటి మీది తామరకు ఎక్కువగా కారణమయ్యే ట్రైకోఫైటాన్ ఫంగస్ రకాలు చాలావరకు వెలగవు. గజ్జల్లో పగడపు ఎరుపు రంగు కనిపిస్తే మాత్రం ఎరిత్రాస్మాను అనుమానించాలి. అది బ్యాక్టీరియా వల్ల వచ్చేది, దానికి మందు వేరు.