తాగింది తాగినట్టే పోతుంటే ఇంకా ఎందుకు పట్టాలి?

ప్రశ్న: మా బాబుకు 14 నెలలు. గత నెలలో రోజుకు పది పన్నెండు సార్లు నీళ్ల విరేచనాలయ్యాయి. ‘తాగింది తాగినట్టే పోతోంది, కడుపు మాడిస్తేనే కట్టుకుంటుంది’ అంటూ మా అత్తగారు పాలూ నీళ్లూ ఆపించారు. మందుల దుకాణంలో పెద్దవాళ్లకు విరేచనాలు ఆగడానికిచ్చే మాత్రలో సగం వేయమన్నారు. ఓఆర్‌ఎస్ అడిగితే తియ్యటి పళ్లరసం డబ్బా ఇచ్చారు. విరేచనాలు తగ్గాయి గానీ పొట్ట ఉబ్బింది, కళ్లు గుంటలు పడ్డాయి. ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించాక కోలుకున్నాడు. నేను ఎక్కడ పొరబడ్డాను? నాకిప్పుడు మళ్లీ ఐదో నెల.
– ఒక తల్లి, నర్సీపట్నం

జవాబు: అమ్మా, బాబు కోలుకున్నాడు, అది చాలు. మీ అత్తగారి మీద కోపం పెట్టుకోకండి. ‘లంఖణం పరమౌషధం’ అన్న మాట విని పెరిగిన తరం అది. ముప్ఫై ఏళ్లు పిల్లల వార్డులో పనిచేశాను. మనవడి మీద ప్రేమతోనే నీళ్లు ఆపిన నాయనమ్మలను ఎందరినో చూశాను.

విరేచనం ఆగడం వేరు, బిడ్డ నిలబడడం వేరు. బిడ్డ ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లోంచి పోయే నీరు, ఉప్పు. మాత్ర వేస్తే పేగు కదలిక మందగిస్తుంది, నీరు లోపలే నిలిచిపోతుంది. పొట్ట ఉబ్బింది అందుకే. చిన్నపిల్లలకు ఆ మాత్ర ఎప్పుడూ వేయకూడదు.

‘పట్టినా మళ్లీ పోతుంది కదా’ అంటారా? కొంత పోతుంది, నిజమే. కానీ ఎంత విరేచనమవుతున్నా పేగులో ఒక దారి తెరిచే ఉంటుంది. గ్లూకోజు, ఉప్పు తగిన పాళ్లలో కలిసి వెళితే పేగు ఆ రెంటినీ ఒకేసారి పీల్చుకుంటుంది, వాటి వెంట నీరూ ఒంట్లోకి చేరుతుంది. ఓఆర్‌ఎస్ అంటే ఆ పాళ్లలో కలిపిన నీళ్లే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లే డ్రమ్ముల్లో కలిపి తాగించారు. అప్పటిదాకా నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకి దిగాయి. డబ్బాలోని రసంలో చక్కెర చాలా ఎక్కువ. అది ఒంట్లోని నీటినే తిరిగి పేగులోకి లాగి విరేచనాన్ని పెంచుతుంది. అలాంటి పానీయాల పేరులో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

మీరు కొనాల్సింది ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్. పెద్దదానికి సరిగ్గా లీటరు కాచి చల్లార్చిన నీళ్లు పోయాలి. గ్లాసెడు నీళ్లలో పెద్ద ప్యాకెట్ మొత్తం కలిపిన తల్లులు ఉన్నారు, అది ప్రమాదం. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్లకు చెంచా అంచుకు సమంగా ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు వేయండి. ఉప్పు అంతకు మించకూడదు. కలిపిన నీళ్లను 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ., చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి, ఈసారి ఇంకా నెమ్మదిగా. చనుబాలు ఆపకండి. మెత్తటి పెరుగన్నం, పెసరపప్పు కిచిడీ, అరటిపండు పెట్టవచ్చు. దీనితో పాటు జింకు, రోజుకు 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు. విరేచనాలు మూడో రోజుకే తగ్గినా మందు మధ్యలో మానకండి. ఆరు నెలలలోపు శిశువుకైతే 10 మి.గ్రా. మాత్రమే. జింకూ ఓఆర్‌ఎస్ ప్యాకెట్లూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, ఆశా కార్యకర్తను అడగండి.

బిడ్డ మత్తుగా పడి ఉన్నా, ఏదీ తాగలేకపోయినా, తాగినదంతా కక్కేస్తున్నా, ఆరు గంటలు మూత్రం రాకపోయినా, విరేచనంలో నెత్తురు కనిపించినా ఇంట్లో ఉంచకండి. పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మడత వెంటనే సర్దుకోకపోవడమూ అలాంటి గుర్తే. సెలైన్ కావలసింది ఈ దశలోనే. మొదటి రోజునుంచే ఓఆర్‌ఎస్ పట్టి ఉంటే మీ బాబుకు బహుశా ఆ అవసరం వచ్చేది కాదు.

పుట్టబోయే బిడ్డకు ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో రోటా వైరస్ చుక్కలు తప్పకుండా వేయించండి. పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు ముఖ్య కారణాల్లో ఆ వైరస్ ఒకటి. 2016 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వమే ఈ చుక్కలు ఉచితంగా వేయిస్తోంది. టీకాకు వెళ్లే రోజున మీ అత్తగారినీ వెంట తీసుకెళ్లి, ఓఆర్‌ఎస్ కలిపే పద్ధతి నర్సు చేత ఆమెకే చూపించమనండి.