ముందు గట్టు తెంపు, బుజ్జీ

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు హైదరాబాదులో ఉద్యోగం మానేసి, మన వైపు వదిలేసిన రొయ్యల చెరువుల్లో మళ్ళీ మడ అడవి పెంచే బిజినెస్ పెడుతున్నావని మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. నిన్ను తిట్టమనే ఫోన్ చేశాడు. "సరే, తిడతాలే" అని పెట్టేశాను. తర్వాత చాలాసేపు అరుగు మీదే ఉండిపోయాను. మీ పెద్దమ్మ కాఫీ తెచ్చి, "ఏంటి, కళ్ళల్లో నీళ్ళు?" అంది. పొగ అన్నాను. మా ఇంట్లో గ్యాస్ పొయ్యి వచ్చి ఇరవై ఏళ్ళయింది.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. ఫారెస్టు, రెవెన్యూ కాగితాలు చేతికి రాకుండా పార ఎత్తకు. లీజు రిజిస్టర్ చేయించు. నర్సరీ పని ఊళ్ళో ఆడవాళ్ళకి అప్పజెప్పి, కూలి ఏ వారానికావారం ఇచ్చెయ్. గేదెలు మడాకు దొరికితే వదలవు, కాపలా పెట్టు. మీ అమ్మ బంగారం మాత్రం తాకట్టు పెట్టకు. పెట్టావని తెలిస్తే నీతో మాట్లాడను.

ఇప్పుడు నా సంగతి. మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

1992లో కాలవ ఒడ్డున ఆరెకరాల్లో చెరువులు తవ్వించాను. అక్కడ తెల్లమడ, తిల్ల చెట్లు ఒత్తుగా ఉండేవి. గొడ్డలి పట్టింది నేనే. టైగర్ రొయ్య రెండు పంటలు బాగా పండింది. స్కూటర్ కొన్నాను, ఇంటికి శ్లాబు వేయించాను. 1995లో ఓ తెల్లవారుజామున టార్చి వేసి చూస్తే రొయ్యలన్నీ గట్టు వారకి చేరి ఉన్నాయి. ఒకటి తీసి చూశాను, పెంకు మీద సున్నం చిలకరించినట్టు మచ్చలు. తెల్లమచ్చ వైరస్. వారంలో చెరువు కంపు కొట్టింది. మరుసటి ఏడు నవంబరు 6న తుఫాను. అందులో దెబ్బతిన్న బలుసుతిప్ప, భైరవపాలెం ఊళ్ళ పేర్లెత్తితే మీ పెద్దమ్మ ఇప్పటికీ లేచి లోపలికి వెళ్ళిపోతుంది. మడ ఉన్నచోట నీటి దెబ్బ కొంత తగ్గిందని అప్పుడు అందరూ అన్నారు. నేను మాట్లాడలేదు. ఏ మొహంతో మాట్లాడతాను?

కొన్నేళ్ళకి ఒకాయన వచ్చి, మీ చెరువుల్లో మడ నాటండి, మొక్కకింత అని డబ్బిస్తాం అన్నాడు. పన్నెండు వేల మొక్కలు నాటించాను. వరుసలు ఊడ్చిన వరిచేనులా ఉన్నాయి. ఫోటోలు తీసుకున్నారు, డబ్బిచ్చారు. మే నెలకి చెరువు అడుగున ఉప్పు పెచ్చు కట్టింది, అడుగేస్తే అప్పడంలా విరిగేది. ఒక్క మొక్క మిగల్లేదు. పీకి చూస్తే సగం వాటికి వేళ్ళ చుట్టూ పాలిథిన్ సంచి అలాగే ఉంది.

సంచులు తీయకపోవడం కూలీల తప్పని అందరికీ చెప్పాను. అసలు తప్పు నాది. చెరువుకి గట్టు తెంపలేదు. సముద్రం పోటుకి నీళ్ళు లోపలికి రావాలి, పాటుకి మళ్ళీ బయటికి పోవాలి. అది లేకపోతే నిలవ నీరు ఎండకి చిక్కబడి ఉప్పుమడి అవుతుంది. ఈ మాత్రం నాకు తెలియదా? తెలుసు. గట్టు వేయడానికి అప్పు చేశాను బుజ్జీ, తెంపడానికి చెయ్యి రాలేదు. ఎప్పటికైనా మళ్ళీ రొయ్యలు వేయొచ్చని లోపల ఒక మూల ఆశ. మడ పెంచుతున్నానని ఊరికి చెప్తూ చెరువు కాపాడుకున్నాను.

రెండేళ్ళ తర్వాత గోదావరి వరదకి ఓ మూల గట్టు దానంతటదే తెగింది. పూడ్పించడానికి నా దగ్గర డబ్బుల్లేవు. ఆ గండి దగ్గర, ఎర్రనీటితో కొట్టుకొచ్చిన విత్తనాలు ఒండ్రులో దిగి, విసనకర్ర పరిచినట్టు తెల్లమడ మొలిచింది. నాటినవాడెవడూ లేడు. ఇప్పుడు దాని కింద పీతలు పట్టుకుంటున్నారు పిల్లలు.

అందుకని ముందు ఒక ఏడాది నీళ్ళ పని చెయ్. అమావాస్యకి, పున్నమికి వెదురు గెడలు పాతి పోటు ఎంతవరకు ఎక్కుతుందో గీత పెట్టు. కాకినాడ దగ్గర కోరంగి వైపు అటవీశాఖ, స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు పాడైన మడలో చేపముల్లులా కాలవలు తవ్వించారు, నడుమ పెద్దది, రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు. వెళ్ళి చూడు. అక్కడ చెక్కవంతెన మీద ఫోటో దిగి వచ్చేయకు. గండి కొట్టేముందు పక్క పొలం ఎవరిదో కనుక్కో. ఉప్పునీరు వరిలోకి పోతే కేసవుతుంది, న్యాయం వాళ్ళదే. మొక్కలు ఆ తర్వాత, అవీ వాటంతటవి రానిచోటే.

డబ్బిచ్చే కంపెనీలు నాటిన మొక్కల లెక్క అడుగుతాయి. మూడో ఏట బతికున్న వాటి లెక్క రాయించుకో. ఆ మూడేళ్ళూ జీతాలెలా ఇస్తావో ముందే కాగితం మీద వేసి నాకు చూపించు. నాకు భయం అక్కడే. తుఫాను వస్తే లేచి నిలబడొచ్చు, వడ్డీకి తెచ్చిన డబ్బు నిద్రపోనివ్వదు. నా అప్పు తీరడానికి పదకొండేళ్ళు పట్టింది.

ఇంకోటి, ఒక్కదానివే పడవలో వెళ్ళకు. పాటు తీస్తే పడవ బురదలో కూరుకుపోతుంది, ఫోనూ అందదు. నవ్వకు.

వచ్చే అమావాస్యకి రా. పడవ మాట్లాడి ఉంచుతాను, నా మిగిలిన గట్టు చూద్దువుగాని. ఎక్కడ తెంపాలో నువ్వే చెప్పు, మొదటి పార నేను వేస్తాను. మడ ఊపిరివేళ్ళు మేకుల్లా గుచ్చుకుంటాయి, గట్టి అడుగున్న పాత బూట్లు తెచ్చుకో. మీ నాన్నకి నిన్ను బాగా తిట్టానని చెప్పు.

ఇట్లు,
పెదనాన్న