సుగ్గి దిగినాక ఏరువాక దాకా

చి. ల. సౌ. కోడలు పిల్లకు పెద్దత్త ఆశీర్వదించి రాయునది.

గుంటూరు సుగ్గికి, అంటే మిరప కోతల వలస కూలికి పోయి, పని ముగించుకుని ఉగాదికి ఊరు చేరినారని తెలిసింది. ఇంక మీ ఇద్దరి చేతికీ పొలం పని తగిలేది ఏరువాక వానకే. అంటే పన్నెండు వారాలు. వాన వెనక్కు పోతే ఇంకో రెండు. పద్నాలుగని పెట్టుకో. సుగ్గి దుడ్డు కరిగేది ఆఖరు వారాల్లో కాదమ్మా, మొదటి పది దినాల్లోనే. పండగ, జాతర, చుట్టాలు, పైగా ఒళ్లు అలసట. అందుకే మూటలు విప్పకముందే లెక్క కట్టు.

మాటకు అరవై వేలు తెచ్చినారనుకుందాం. నూటికి మూడు వడ్డీ అప్పు పన్నెండు వేలుంటే ముందు అది తీర్చు. ఇంట్లో పెట్టుకుని కూర్చుంటే నెలకు 360 రూపాయలు ఊరికే పోతాయి. విత్తనాలకు, ఎరువుకు పది వేలు, జూన్‌లో బడి పుస్తకాలకు మూడు వేలు బ్యాంకులో వేసి మర్చిపో. మిగిలిన ముప్పై అయిదు వేలను పద్నాలుగు వారాలకు పంచితే వారానికి 2,500. సంత దినం పొద్దున అంతే తియ్యి. ఒక వారం రెండు వందలు మిగిలితే డబ్బాలో వేసి పెట్టు, వచ్చే వారంలో కలపొద్దు. జ్వరమొస్తే ఆ డబ్బానే దిక్కు.

బియ్యం సంగతి గట్టిగా చెప్పాలి. కార్డు మీద మనిషికి అయిదు కిలోలు, నలుగురికి ఇరవై. పని లేని దినాల్లో కూడా నలుగురికి రోజుకు కిలోంపావు పడుతుంది, నెలకు ముప్పై ఏడున్నర. మీరు కొనాల్సింది పదిహేడున్నర కిలోలే, అందులో సగం జొన్నలతో సరిపెట్టొచ్చు. ఇది తెలియక కార్డు బియ్యాన్ని పదికో పన్నెండుకో అమ్మి, యాభై పెట్టి సన్నబియ్యం కొంటున్నారు. అది తప్పు కూడా, చట్టం ఒప్పుకోదు. కడిగేటప్పుడు పైకి తేలే గింజలు ప్లాస్టిక్ కాదు, ఇనుము, విటమిన్లు కలిపి చేసిన గింజలు. ఏరి పారేయొద్దు. అన్నం వార్చితే ఆ బలం కొంత గంజిలోకి పోతుంది, గంజి పారబోయకుండా ఉప్పేసి తాగండి. పురుగు పడితే బియ్యాన్ని ఎర్రటి ఎండలో పొయ్యొద్దు, పగిలి నూకలవుతాయి. నీడన ఆరబెట్టి జల్లించు. నూకలు సంగటికి పనికొస్తాయి: ఒక గ్లాసు నూకలకు రెండు గ్లాసుల రాగిపిండి.

జొన్నపిండి పది దినాలకు సరిపడానే మరకు పంపు. ఈ ఎండలకు నిలవ పిండి చేదెక్కుతుంది, జిగి పోయి రొట్టె అంచుల్లో చీలుతుంది. మరిగే నీళ్లు పోసి కలిపి బాగా మర్దిస్తే కిలోకు పదిహేను రొట్టెల దాకా వస్తాయి.

కంది బ్యాళ్లు రోజూ చేయాలని లేదు. పావుకిలో ఉలవలు రాత్రి నానబెట్టి, రెండు లీటర్ల నీళ్లు పోసి మెత్తగా ఉడికించు. ఆ కట్టుతో రెండు పూటలకు చారు, ఉలవలతో సాయంత్రం గుగ్గిళ్లు. బ్యాళ్లు చేసిన దినం నలుగురికి వంద గ్రాములు చాలు, అందులో పెద్ద కట్ట ఆకుకూరో, రెండు గుప్పిళ్ల మునగాకో పడాలి. గిన్నెలు కడిగిన మొదటి నీళ్లు పెరటి మడికి పోనీ, సోపు నురగ నీళ్లు మాత్రం వద్దు.

రాత్రి మిగిలిన అన్నం చల్లారినాకనే నీళ్లు పొయ్యి. వేడి మీద పోస్తే తెల్లారేసరికి జిగురు సాగుతుంది, అది తినకూడదు. బాగున్న సద్దికి మజ్జిగ, ఎర్రగడ్డ చాలు.

నూనె పొట్లాలు చూడటానికి ఒకే సైజులో ఉంటాయి. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. కొన్ని పొట్లాల్లో ఉండేది 750 గ్రాములే! ధర చూసే ముందు గ్రాములు చదివించు, పిల్లోడు చదువుకున్నాడు కదా.

తెచ్చుకున్న మిరపకాయలు ఊపితే గింజలు గలగలమనేదాకా ఎండబెట్టు. తెల్లబడిన తాలు కాయ విప్పి చూడు, లోపల బూజు ఉంటే పారేసేదే, పొడిలో కలపొద్దు. తొడిమలతోనే దాచి, రెండు నెలలకు సరిపడా మాత్రం పొడి కొట్టించు. చింతపండు కొత్తది దిగే దినాలివే, ఏడాదికి సరిపడా ఇప్పుడే కొని గింజ తీసి ఉప్పేసి జాడీకెత్తు.

గ్యాసు బండ మీద వంట రోజుకు ఒకసారే. బ్యాళ్లు గంట నానబెట్టు, మూత పెట్టు, ఉడుకు పట్టగానే మంట తగ్గించు. మంట పచ్చగా మారి గిన్నె అడుగు నల్లబడితే బర్నరు రంధ్రాలు మూసుకున్నట్టు, సూదితో పొడువు. దీపం పథకం ఉచిత బండ నాలుగు నెలలకొకటి. ఏప్రిల్, జూలై మధ్యది ఆ గడువులోనే బుక్ చెయ్యి. నీళ్లు కాగడానికి బయట కట్టెల పొయ్యి చాలు. కంది కట్టె మంచిది. పత్తి కట్టె చేని పక్కన కుప్పేస్తే గులాబీ పురుగు అందులో దాక్కుని మళ్లీ పంటకు వస్తుంది. మిరప కట్టె మాత్రం అసలు వద్దు, ఒక్క కాయ అంటుకున్నా ఇల్లంతా దగ్గే.

ఉపాధి పనికి నోటిమాటతో అడగొద్దు. కాగితం రాసిచ్చి తేదీ వేసిన రసీదు తీసుకో. పదిహేను దినాల్లో పని చూపాలని నిబంధన ఉంది, ఆ లెక్క రసీదు తేదీ నుంచే. కూలి కొలతను బట్టి పడుతుంది, ఖాతాలోకి రావడం వారాలు ఆలస్యమవుతుంది. కాబట్టి అది ఈ వారం 2,500లో లెక్క కాదు. అంగడిలో అప్పు ఖాతా రాయించేది సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది, 'ఉపాధి డబ్బులు రాగానే ఇస్తా' అని.

దసరాకు కూలీలను కుదుర్చుకునే మేస్త్రి అడ్వాన్సు పట్టుకుని వస్తాడు. అప్పటి మాట అప్పుడు రాస్తాను. ఈ వారం సంతకు పోయేటప్పుడు జొన్నలకు గోతం తీసుకుపో, సంచి అడిగితే అంగడోళ్లు అయిదు రూపాయలు తీసుకుంటున్నారు.

ఇట్లు
పెద్దత్త