టెక్ సందేహాలు: పాత జినాన్ ల్యాంపు వయసు ఎవరు చెప్పాలి?

గుణుపూర్ నుంచి ఒక సినిమా హాలు యజమాని అడిగారు: "విశాఖలో ఒక థియేటర్ లేజర్ ప్రొజెక్టర్‌కు మారింది. వాళ్ల దగ్గర మిగిలిన 2000 వాట్ల జినాన్ ల్యాంపులు పావు ధరకే ఇస్తామంటున్నారు. 800 గంటలే వెలిగాయట. మా డిజిటల్ ప్రొజెక్టర్‌కు తీసుకోవచ్చా?"

రాయగడ, బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి కూడా ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. పెద్ద ఊళ్ల హాళ్లు వదిలించుకున్న ల్యాంపులు మన ఊళ్లకు చేరుతున్నాయి.

వాట్లు ఒకటే కదా అని కొనకండి. రీలు ప్రొజెక్టర్ ల్యాంపులో ఎలక్ట్రోడ్ల (మధ్యలో వెలుగు పుట్టే రెండు లోహపు మొనల) మధ్య ఎడం ఎక్కువ. డిజిటల్‌లో బొమ్మను తయారుచేసే చిప్ చిన్నది, వెలుగంతా దాని మీదే పడాలంటే ఎడం తక్కువున్న ల్యాంపు కావాలి. మీ ప్రొజెక్టర్ పుస్తకంలో ఉన్న కోడ్, ల్యాంపు మీది కోడ్ అక్షరం తేడా లేకుండా కలవాలి.

నా భయమంతా ఆ "800 గంటలట" గురించే. ఆ అంకె ల్యాంపులో ఉండదు, వాళ్ల ప్రొజెక్టర్ మెనూలో ఉంటుంది. చాలా ప్రొజెక్టర్లలో కొత్త ల్యాంపు వేశామని ఒక సీరియల్ నంబరు కొడితే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. పాత ల్యాంపునే ఉంచి వేరే నంబరు కొట్టినా యంత్రం నమ్మేస్తుంది. ఈ డిజైన్ చూస్తే నాకు కోపం వస్తుంది. సినిమా ఫైలు తెరవడానికి ప్రతి సినిమాకూ వేరే డిజిటల్ తాళంచెవి కావాలి, అది ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేయాలో కూడా అందులోనే ఉంటుంది. లోపలి మూత తెరిస్తే ఆటే ఆగిపోతుంది. అదే యంత్రం ల్యాంపు గంటల దగ్గరికి వచ్చేసరికి ఎవరు ఏం కొట్టినా ఒప్పుకుంటుంది. నిర్మాత సొమ్ముకు ఉన్న కాపలా ఆపరేటర్ కళ్లకు లేదు.

కళ్లు అని ఊరికే అనలేదు. ఈ ల్యాంపు క్వార్ట్జ్ గాజు బుడ్డిలో జినాన్ వాయువు చల్లగా ఉన్నప్పుడే గాలి ఒత్తిడికి సుమారు 10 రెట్లు ఉంటుంది. వెలిగాక 25, 30 రెట్లకు చేరుతుంది. లారీ టైరులో ఉండేది ఏడెనిమిది రెట్లే. వాడే కొద్దీ ఎలక్ట్రోడ్లలోని టంగ్‌స్టన్ లోహం ఆవిరై లోపలి గోడకు నల్లగా పడుతుంది. నలుపు వేడిని పీల్చుకుంటుంది, క్వార్ట్జ్ బలహీనపడుతుంది, ఒకరోజు షో మధ్యలో పేలుతుంది. ల్యాంపు వెలుగును మళ్లించే అద్దం (రిఫ్లెక్టర్) ముక్కలైతే పావు ధరకు మిగిల్చిన డబ్బంతా దానికే పోతుంది. గ్యారంటీ గంటలు అయిపోయాక ఇంకో పావు వంతుకు మించి నడపవద్దని చాలామంది తయారీదార్లే చెబుతారు. వెలుగు బాగానే ఉంది కదా అని ఇంకా నడిపేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

కాబట్టి నోటి మాట మీద కొనకండి. ఏ తేదీన వేశారు, ఎన్ని గంటలు, ఎన్నిసార్లు వెలిగించారు, సీరియల్ నంబరు ఎంత, ఇవన్నీ ఉన్న లాగ్ అడగండి. ప్రతిసారీ వెలిగించేటప్పుడు కేథోడ్ (రెండు ఎలక్ట్రోడ్లలో సూదిగా ఉండేది) మొన కొంత అరుగుతుంది. లాగ్ ఇస్తే, బుడ్డి తేటగా ఉంటే, మొన పదునుగా ఉంటే స్పేర్‌గా ఒకటి తీసుకోండి. లాగ్ లేదంటే ఉచితంగా ఇచ్చినా వద్దు. తెచ్చేటప్పుడు దాని ప్లాస్టిక్ కవచంలోనే తేవాలి. గుడ్డలో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చామని ఒకరు రాశారు. దయచేసి అలా చేయకండి. బిగించేటప్పుడు ముఖానికి షీల్డ్, చేతులకు గ్లౌజులు ఉండాలి. గాజుకు వేలిముద్ర తగిలితే స్పిరిట్‌తో తుడవాలి, లేకపోతే వేడికి అక్కడే గాజు చెడుతుంది.

మన వైపు కరెంటు పోవడం మామూలే. పోగానే ల్యాంపుతో పాటు ఫ్యాన్ కూడా ఆగిపోతుంది, మండుతున్న గాజుకు గాలి ఉండదు. ఫ్యాన్ వరకైనా యూపీఎస్ పెట్టండి.

పర్లాకిమిడి నుంచి ఇంకొకరు: "ల్యాంపు ఎక్కువ కాలం రావాలని కరెంటు బాగా తగ్గించాం. తెర మీద వెలుగు వణుకుతోంది." ఆంపియర్లు కనీస పరిమితి కంటే తగ్గితే కేథోడ్ మొన చాలినంత వేడెక్కదు, ఆర్క్ (ఎలక్ట్రోడ్ల మధ్య వెలిగే మెరుపు) నిలకడగా ఉండదు. మొన కూడా పాడవుతుంది. పరిమితి లోపలికి పెంచండి. అయినా వణికితే ఆ ల్యాంపు పని అయిపోయింది. చల్లారాక తీయించి, కవచం తొడిగి, సరఫరాదారుకు తిరిగి ఇచ్చేయండి. షోకేసులో పెట్టకండి, ఆరిపోయినా లోపల ఒత్తిడి అలాగే ఉంటుంది.