సైజు, తట్టితే వచ్చే శబ్దం చూసి మా తోటలో పుచ్చకాయ కోశాను. కాయ పెద్దదే, లోపల చప్పగా ఎందుకు?

తీగ నుంచి తొందరపడి కోశారు. పుచ్చకాయ కోశాక తీపి పెరగదు, నాలుగు రోజులు ఇంట్లో ఉంచినా అంతే. సైజు, తట్టితే వచ్చే శబ్దం చూసి కోశానన్నారు కదా, ఆ రెండూ నమ్మకమైనవి కావు.

1. ముందు నులితీగ (తీగ మీద స్ప్రింగులా మెలితిరిగి ఉండే సన్నని పోగు) చూడండి. చాలామంది పొరబడేది ఇక్కడే: ఏదో ఒక ఎండిన నులితీగ చూసి కోసేస్తారు. కాయ తొడిమ పట్టుకుని తీగ దాకా వెళ్లండి. సరిగ్గా ఆ కణుపు దగ్గరున్న నులితీగే లెక్క. అది మొదలు దాకా గోధుమరంగులో పెళుసుగా ఎండాలి. మొదలు దగ్గర కాస్త పచ్చగా ఉన్నా ఆగండి.

2. నేలకు ఆనిన మచ్చ తెలుపు పోయి వెన్నలా పసుపెక్కాలి.

తెగులు వల్లో నీళ్లు చాలకో తీగే వాడిపోతుంటే నులితీగ ముందే ఎండుతుంది. అప్పుడు మచ్చనే నమ్మండి.

3. ఒక కాయ కోసి రుచి చూశాకే మిగతావి కోయండి.