అయిదు రోజుల అనుభవాత్మక చికిత్స: నాన్నగారి కుర్చీ ఎదుట నాకు జరిగినది

"ఎనిమిది నెలలుగా వారానికోసారి కౌన్సెలింగ్‌కు వెళ్తున్నాను. నా కథంతా వరుసగా చెప్పగలను, కారణాలూ చెప్పగలను, లోపల మాత్రం ఏమీ కదలడం లేదు. జరిగినదాన్ని చెప్పించడం కాక మళ్లీ అనుభవించేలా చేసే అనుభవాత్మక చికిత్స, రోజుకు కొన్ని గంటల చొప్పున అయిదు రోజులు ఒక్క మనిషికే చేస్తారని విన్నాను. వెళ్లవచ్చా?" అని అడిగారు.

నేను వెళ్లాను. మీరు రాసిన స్థితి నాకు బాగా తెలుసు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పక్షవాతం వచ్చిన మా నాన్నగారిని నాలుగేళ్లు నేనే చూసుకున్నాను. ఆయన పోయాక కూడా సాయంత్రం ఏడు అయ్యేసరికి నాకు ఛాతీ బిగుసుకుపోయేది. గుండె పరీక్షలన్నీ చేయించాను, ఏ లోపమూ లేదన్నారు. రోజూ ఆ వేళకే ఆయన "అబ్బాయి ఫోను చేశాడా?" అని అడిగేవారు. తమ్ముడు నెలకోసారి చేసేవాడు. మందులిచ్చి, పక్క బట్టలు మార్చి, అన్నం కలిపి పెట్టిన నన్ను ఏమీ అడిగేవారు కాదు. మంచాన పడిన మనిషి మీద కోపం ఎలా తెచ్చుకుంటాం? ఈ సంగతంతా నేను కౌన్సెలింగ్‌లో ఏడాదిపాటు ఇంగ్లీషులో చక్కగా వివరించాను. ఒక్క కన్నీటి చుక్క రాలేదు.

అయిదు రోజుల చికిత్సలో మొదటి రోజు మాటలే. నిద్ర, మందులు, పాత జబ్బులు, ఇంట్లో తోడు ఎవరున్నారు, అన్నీ అడిగారు. రెండో రోజు థెరపిస్టు నా ఎదుట ఒక ఖాళీ కుర్చీ వేసి, అందులో నాన్నగారు ఉన్నారనుకుని నేరుగా ఆయనతోనే మాట్లాడమన్నారు. సిగ్గు వేసింది. "నాన్నగారూ, మీరు..." అని మొదలుపెట్టాను, మాట అక్కడే ఆగిపోయింది. మూడుసార్లు అలాగే జరిగింది. అప్పుడు ఆవిడ, "చిన్నప్పుడు ఆయన్ని ఏమని పిలిచేవారు?" అని అడిగారు. హైస్కూలుకు వెళ్లేదాకా నాన్నా, నువ్వు అనేదాన్ని. పెద్దదానివయ్యావు, మీరు అనాలని అమ్మ నేర్పింది.

"నాన్నా, నువ్వు ఒక్కసారైనా నా సంగతి అడిగావా?"

ఈ ఒక్క వాక్యంతో నాలుగేళ్లు కదిలాయి. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. అందుకే చెబుతున్నాను, మీరు ఇంట్లో మాట్లాడే భాష వచ్చిన థెరపిస్టునే వెతుక్కోండి. తల్లిదండ్రులతో మన గొడవలన్నీ ఆ భాషలోనే జరిగాయి. ఇంగ్లీషులో మీరు, నువ్వు అన్న తేడాయే లేదు కదా, ఆ తలుపు అక్కడ తెరుచుకునేది కాదు.

మూడో రోజు నన్ను ఆ కుర్చీలో కూర్చోమన్నారు, నాన్నగారిగా. కూర్చోగానే నా కుడిచేయి దానంతట అదే ఒళ్లో వాలిపోయింది, ఆయన చేయిలాగే. "ఈ అమ్మాయి గురించి ఎందుకు అడగరు?" అని థెరపిస్టు అడిగితే నా నోటి నుంచి వచ్చిన జవాబు: "ఇది ఎక్కడికీ పోదని తెలుసు. వాడే కనబడటం లేదు." నాన్నగారు నిజంగా అలా అనుకున్నారో లేదో నాకు తెలిసే వీలు లేదు. కానీ ఆయన్ని నాలుగేళ్లు కనిపెట్టుకుని ఉన్నది నేనే, ఆ మాట నాలోనే ఎక్కడో ఉండి ఉంటుంది.

ఇలా కుర్చీలు మార్పించడం కొత్త సంగతేమీ కాదు. 1889లో బుకారెస్ట్‌లో పుట్టి, వియన్నాలో వైద్యుడై, 1925లో అమెరికా వెళ్లిన జేకబ్ మొరెనో దీనికి మూలపురుషుడు. 1936లో న్యూయార్క్ రాష్ట్రంలోని బీకన్‌లో ఆయన పెట్టిన మానసిక వైద్యశాలలో రోగుల కోసం నాటకరంగమే ఉండేది. ఖాళీ కుర్చీని బాగా ప్రచారంలోకి తెచ్చినవారు ఫ్రిట్జ్ పెర్ల్స్, ఈ క్షణంలో కలిగే అనుభవం మీదే ధ్యాస పెట్టే గెస్టాల్ట్ చికిత్సను ఆరంభించినవారిలో ఒకరు. తరువాత టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయంలో లెస్లీ గ్రీన్‌బర్గ్ ఆ పనిలో ఏది ఫలిస్తుందో పరిశోధించారు. అణచుకున్న భావం పైకి రావాలి, తీరని అవసరం మాటగా పలకాలి, ఎదుటి మనిషిని మనం చూసే చూపు మారాలి. ఇంత దారి ఉంది కనుకనే గంటల తరబడి అరిపించి, దిండ్లు కొట్టించి పంపేసే చోట్లంటే నాకు భయం. అక్కడ మొదటి మెట్టుతోనే పని ఆగిపోతుంది.

మూడో రోజు రాత్రి నాకు నిద్ర లేదు, ఒళ్లు వణికింది. ఫోను చేయదగిన వేళలు ఆవిడ ముందే చెప్పి ఉంచారు కాబట్టి తట్టుకున్నాను. నాలుగో రోజు కొత్తగా ఏమీ తవ్వలేదు, ఊపిరి మీద, పాదాల మీద ధ్యాస నిలపడంతోనే గడిచింది. తరువాత మూడు వారాలు అన్నం వండుతున్నా ఏడుపు వచ్చేది. నెలన్నరలో మరో రెండుసార్లు వెళ్లాను. ఏడు గంటల బిగువు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు "నాన్నా" అనుకుంటాను, కాసేపటికి వదులుతుంది.

లేనివి వినిపించడం, కనిపించడం, ఉన్మాద దశలు, ఇటీవలి ఆత్మహత్యాయత్నం, వదలని తాగుడు, వీటిలో ఏదైనా ఉంటే ముందు సైకియాట్రిస్టును కలవండి. ఇప్పుడే చచ్చిపోవాలనిపిస్తుంటే దీనికోసం ఆగకుండా 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉందేమో అడగండి, అడిగితే తప్పేమీ లేదు. అయిదు రోజులయ్యాక ఎన్నిసార్లు చూస్తారో కూడా అడగండి. ఆ ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే నేనైతే డబ్బు కట్టను.

ఇప్పటి కౌన్సెలర్‌తో మానేసి వెళ్లకండి. ఆమెకు చెప్పే వెళ్లండి, తిరిగి వచ్చాక మీకు ఆమె కావాలి. సెలవు మాత్రం ఎనిమిది రోజులకు పెట్టండి, చికిత్స అయ్యాక తేరుకోవడానికి.